పడవ నుంచి విద్యుత్కారు వరకు: నెల్లూరు తీరంలో వాహనపు ఎన్నిక

పాత పెట్రోలు కారును మార్చి క్రొత్తగా విద్యుత్కారు కొనదలచిన కుటుంబాలలో నేడు ఒక ప్రశ్న తప్పక పుట్టుచున్నది. నేలకు దగ్గరగా, పొడవుగా ఉండే సెడాన్ కొనడమా, లేక పెద్ద చక్రాలతో ఎత్తుగా నిలిచే ఎస్.యు.వి. కొనడమా? పైకి ఇది అంగడిలో తేలవలసిన విషయంగానే కనిపిస్తుంది. కాని నెల్లూరు తీరంలో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇసుక, నీరు, చదునైన నేల అనే మూడింటి నడుమ ఏ వాహనం తక్కువ శ్రమతో గమ్యం చేరగలదు అని ఇక్కడివారు తరతరాలుగా ఆలోచిస్తూనే ఉన్నారు. వారి అనుభవాన్ని, దాని వెనుక ఉన్న భౌతిక సూత్రాన్ని ఒకచోట చేర్చి చూస్తే నేటి ప్రశ్నకు సమాధానం చాలవరకు దొరుకుతుంది.

ఇసుక బండి, కాలువ పడవ, ఇనుప దారి

వెయ్యి కిలోల బరువును సమతలంపై మెల్లగా లాగవలసి వచ్చినదనుకొందాం. మెత్తని ఇసుకలో చక్రాల బండిమీద లాగడానికి సుమారు నూరు కిలోల బరువును ఎత్తేటంత బలం, ఒక్కొక్కచోట అంతకు రెండింతలు కూడా కావాలి. అదే బండికి గాలి టైర్లు అమర్చి తారు రోడ్డుమీద లాగితే పది కిలోల బలం చాలుతుంది. ఉక్కు పట్టాలమీద ఉక్కు చక్రాలకైతే ఒకటి రెండు కిలోల బలంతో పని తీరుతుంది. బరువు మారలేదు, దారి ఇచ్చే నిరోధం మారినది. వాహనాన్ని ఎన్నుకోవడమంటే, ప్రతి దినమూ ఏ నిరోధానికి ఎంత మూల్యం చెల్లించగలమో ఎన్నుకోవడమే.

నెల్లూరు తీరపు రైతు దీనిని లెక్కలతో కాక అనుభవంతో తెలుసుకొన్నాడు. చక్రం పెద్దదయినకొద్దీ ఇసుకలోను, గాడిలోను కూరుకొనిపోవడం తగ్గుతుంది. అందువలననే ఎడ్ల బండికి అంత పెద్ద చక్రాలు. ఆ బండిని లాగిన ఒంగోలు జాతి ఎడ్ల బలం దేశాంతరాలలో కూడా పేరు పొందినది. బ్రెజిల్ దేశంలో ఆ జాతి పశువులను నేటికీ ‘నెలోర్’ అనే పేరుతోనే పిలుస్తున్నారు.

అయితే ఎంత బలమైన ఎడ్లకైనా ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును దాటించినది కాలువ. 1806లో మద్రాసు వద్ద ప్రారంభమైన ఉప్పునీటి కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, పందొమ్మిదవ శతాబ్ది నడుమ దుగరాజపట్నం, కృష్ణపట్నం ప్రాంతాలకు చేరినది. 1876–78 నాటి మహాక్షామంలో కరవు పనులక్రింద మద్రాసు నగరంలోని అతుకు భాగాన్ని త్రవ్వించారు. అప్పటి గవర్నరు పేరుతో దానికి బకింగ్‌హామ్ కాలువ అని పేరు వచ్చినది. పెదగంజాం నుంచి తమిళదేశంలోని మరక్కాణం వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్ర ప్రాంతంలోనే ఉన్నవి. నిలకడ నీటిమీద మెల్లగా కదిలే పడవకు నిరోధం అత్యల్పం. గట్టుమీద నడిచే కొద్దిమంది మనుషులు త్రాడు కట్టి లాగితే అనేక బండ్ల ఉప్పు, కట్టెలు మద్రాసు చేరేవి. కాని పడవకు వేగం లేదు; కాలువ లేనిచోటికి అది పోలేదు.

1899లో మద్రాసు, బెజవాడల నడుమ రైలు మార్గం పూర్తయి నెల్లూరు దానిమీద నిలిచినది. తక్కువ నిరోధానికి వేగం తోడైనది. కాలువ రద్దీ క్రమంగా తగ్గి, 1960, 1970 దశకాల తుపానులలో కాలువ దెబ్బతిని దాదాపు మూలపడినది. ఆ విధంగా ఒక్కొక్క వాహనం ఒక్కొక్క సౌకర్యాన్ని ఇచ్చి, ఒక్కొక్కదానిని తీసికొన్నది.

అదే సంవత్సరం ఐరోపాలో

మద్రాసు, బెజవాడల నడుమ రైలు మార్గం పూర్తయిన ఆ 1899లోనే పారిస్ సమీపంలో కమీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశీయుడు ఒక కారును గంటకు 105.88 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. భూమిమీద మోటారు వాహనం గంటకు నూరు కిలోమీటర్లు దాటడం అదే మొదలు. అది పెట్రోలు కారు కాదు, విద్యుత్కారు. గాలిని చీల్చుకొని పోవడానికి దాని మేనిని టార్పెడో ఆకారంలో చేశారు. కాని నడిపేవాడు ఆ మేనిపైన నడుము పైభాగమంతా బయటికి పెట్టి కూర్చొన్నాడు. అందువలన ఆ ఆకారపు ప్రయోజనం కొంత వృథా అయినది.

విద్యుత్కార్ల చరిత్ర దీనికి ముందే ప్రారంభమైనది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే మళ్ళీ మళ్ళీ విద్యుత్తు నింపుకోగల సీసపు బ్యాటరీని కనుగొన్నాడు. 1881లో కమీల్ ఫోర్ దానిని మెరుగుపరచాడు. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో అమెరికా నగరాలలో విద్యుత్కార్లు విరివిగా తిరిగేవి. 1907 నుంచి తయారైన ‘డెట్రాయిట్ ఎలక్ట్రిక్’ కారును చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది నిలువెత్తు అద్దాల గదివలె ఉండేది. జెనాట్జీ కారు టార్పెడో వలె, ఇది పెట్టె వలె ఎందుకున్నవి? దీనికి సమాధానం వేగంలో ఉన్నది. డెట్రాయిట్ కారు నగరంలో గంటకు 30, 40 కిలోమీటర్లతో మాత్రమే తిరిగేది. ఆ వేగంలో గాలి పెద్ద శత్రువు కాదు.

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. ఎత్తైన మేని వలన కలిగే నష్టం నగరపు వీథులలో కనబడదు. అది రహదారిమీద బయటపడుతుంది.

పెట్రోలు మరపించిన లెక్క

1912లో చేతితో త్రిప్పకుండా ఇంజనును మేల్కొలిపే విద్యుత్ సాధనం కాడిలాక్ కార్లకు వచ్చినది. పెట్రోలు కారు నడపడం సులభమైనది, విద్యుత్కారు వెనుకబడినది. పెట్రోలుతోపాటు మరొక మార్పు కూడా వచ్చినది. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉన్నది. నలభై లీటర్ల తొట్టిలో 350 యూనిట్ల పైమాట. అందులో మూడు వంతులు వేడిగా వృథా అయినా, బండి ఆకారాన్ని గురించి విచారించే అవసరం రాలేదు. 1941లో రెండవ ప్రపంచ యుద్ధం కొరకు పుట్టిన జీపు ఎత్తుగా, పెట్టె వలె ఉన్నది. దాని సంతతియే నేటి ఎస్.యు.వి.లు. మన దేశంలో 1950ల చివర నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు సెడాన్ వర్గానికి చెందినది. సెడాన్ అనే మాట పూర్వం ఐరోపాలో ఇద్దరు మోసుకొని పోయే, పల్లకీని పోలిన మూసిన కుర్చీకి పేరు.

విద్యుత్కారు తిరిగి వచ్చినపుడు పాత లెక్క కూడా తిరిగి వచ్చినది. 1996లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ తెచ్చిన ఇ.వి.1 కారుకు సీసపు బ్యాటరీ. దానిలో నిలువ తక్కువ. అందుచేత దాని మేనిని నీటిబొట్టు వలె తీర్చి, గాలి నిరోధ గుణకాన్ని 0.19 వరకు తగ్గించారు. 1991లో అంగడికి వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ తరువాత ఈ బిగువును సడలించినది. దానికి కారకులైన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం లభించినది. భారతదేశంలో 2001లో బెంగుళూరు నుంచి చిన్న రేవా కారు, 2016లో ఇ-వెరిటో అనే సెడాన్, 2019లో కోనా, 2020లో నెక్సాన్ అనే ఎస్.యు.వి.లు వచ్చినవి. ఆ విధంగా పల్లకీ, జీపు రెండూ విద్యుద్రూపంలో కొనుగోలుదారు ముందు నిలిచినవి.

మద్రాసు దారి లెక్క

ఇప్పుడు రెండు కార్లను ఊహించుకొందాం. సెడాన్ బరువు మనుషులతో 1500 కిలోలు, నిరోధ గుణకం 0.27, ఎదుటి వైశాల్యం 2.2 చదరపు మీటర్లు. ఎస్.యు.వి. బరువు 1700 కిలోలు, గుణకం 0.34, వైశాల్యం 2.5 చదరపు మీటర్లు. తారు రోడ్డుమీద దొర్లుడు ఘర్షణకు సెడాన్‌కు 15 కిలోల బలం, ఎస్.యు.వి.కి 17 కిలోల బలం కావాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధానికి మరి 18 కిలోలు, 26 కిలోలు అవసరం. మొత్తం 33, 43. నూరు కిలోమీటర్లకు చక్రాల వద్ద ఖర్చయ్యే శక్తి సెడాన్‌కు 9 యూనిట్లు, ఎస్.యు.వి.కి 11.7 యూనిట్లు. గంటకు 40 కిలోమీటర్లతోనే పోతే ఇవి 5.3, 6.4 యూనిట్లు. నూరు కిలోమీటర్ల వేగంతో పోతే 11.7, 15.7 యూనిట్లు. మోటారులోను, బ్యాటరీలోను జరిగే నష్టాలు, చల్లని గాలి యంత్రపు ఖర్చు దీనికి అదనం.

నెల్లూరు నుంచి చెన్నైకి జాతీయ రహదారిమీద సుమారు 175 కిలోమీటర్లు. పోయి రావడానికి 350. ఎనభై కిలోమీటర్ల వేగంలో రెండు కార్ల మధ్య తేడా 9 యూనిట్లు దాటుతుంది. బ్యాటరీ నిలువ 30 యూనిట్లే అయితే అది దాదాపు మూడవ వంతు! పెట్రోలు కారులో ఈ తేడా చమురు ఖర్చులో కలిసిపోయేది. విద్యుత్కారులో అది దారిలో ఆగి విద్యుత్తు నింపుకోవలసిన అదనపు సమయంగా ఎదుట నిలుస్తుంది. బ్రేకు వేసినపుడు మోటారు జనరేటరుగా మారి, బరువును కదిలించిన శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి పంపగలదు. గాలికి ఇచ్చిన శక్తి మాత్రం తిరిగి రాదు. కృష్ణపట్నం సమీపంలో 2015లో పనిచేయడం మొదలుపెట్టిన దామోదరం సంజీవయ్య కేంద్రం వంటివి విద్యుత్తును బొగ్గుతోనే పుట్టిస్తాయి. ఒక్కొక్క యూనిట్‌కు అరకిలో, ఇంకా పైన బొగ్గు కాలుతుంది. కనుక వృథా అయిన యూనిట్ ఇంటి లెక్కకే కాదు, తీరపు గాలికీ భారమే.

మరి ఎస్.యు.వి. పనికిరాదా? అలా అనడానికి వీలు లేదు. మైపాడు వైపో, కృష్ణపట్నం వైపో రొయ్యల చెరువులున్న రైతు దినమూ ముప్పై కిలోమీటర్లు మెల్లగా, గతుకుల దారులలో, చెరువు గట్లమీద తిరుగుతాడు. అతనికి రెండు కార్ల తేడా దినానికి ఒక యూనిట్‌లో మూడవ వంతు. కారు అడుగుభాగం గట్టుకు తగిలి, అక్కడే అమర్చిన బ్యాటరీ పెట్టె దెబ్బతినడంకంటె ఆ ఖర్చు చాల స్వల్పం. ముసలివారు కూర్చొని లేవడానికి కూడా ఎత్తైన పీట సుఖంగా ఉంటుంది. పూర్వం ఇసుక దారికి పెద్ద చక్రం తగినట్లే ఇక్కడ ఎత్తైన బండి తగును.

నీటి ముందు రెండూ ఒకటే

నెల్లూరు తీరంలో చాలమంది ఎస్.యు.వి. కోరుకొనడానికి అసలు కారణం వేరు. అది వరద భయం. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో నెల్లూరు సమీపాన జాతీయ రహదారి తెగినది. పడుగుపాడు వద్ద రైలు పట్టాలక్రింది కట్ట కొట్టుకొనిపోయినది. అటువంటి దినాన ఎత్తైన కారు రక్షిస్తుందని నమ్మకం. ఈ నమ్మకాన్ని ఆర్కిమిడీస్ సూత్రంతో పరీక్షించడం అవసరం. ఇక్కడ పొరపాటు పడితే పోయేది డబ్బు కాదు, ప్రాణం.

సెడాన్ అడుగుభాగం నేలకు సుమారు 17 సెంటీమీటర్ల ఎత్తులోను, ఎస్.యు.వి. అడుగు సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తులోను ఉంటాయి. తేడా మూడు సెంటీమీటర్లు. రెండు వ్రేళ్ళ వెడల్పు. సెడాన్ అడుగు వైశాల్యం 6 చదరపు మీటర్లనుకొంటే, నీరు అడుగుభాగంపై 25 సెంటీమీటర్లు లేవగానే కారు తొలగించిన నీటి బరువు 1500 కిలోలవుతుంది. అనగా సుమారు 42 సెంటీమీటర్ల నీటిలో, లోనికి నీరు చొరకముందే, కారు తేలుతుంది. ఎస్.యు.వి. వెడల్పు కొంచెం ఎక్కువ. దానికి 47 సెంటీమీటర్లు. రెండూ మోకాలి లోతుకు లోబడినవే. తేలకముందే టైర్ల పట్టు సగం పోతుంది. ప్రవాహం ప్రక్కనుంచి నెడితే ఏ కారైనా కాలువలోకి జారుతుంది. బ్యాటరీ పెట్టెలోనికి నీరు చొరకుండా కట్టుదిట్టం చేసి ఉండవచ్చు. కాని బ్యాటరీ చెడకపోవడం వేరు, బండి నిలవడం వేరు.

ఉప్పునీటి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2022లో అమెరికాలోని ఫ్లారిడా తీరాన్ని ఇయాన్ తుపాను తాకినపుడు, సముద్రపు నీట మునిగిన విద్యుత్కార్లు కొన్ని తరువాతి దినాలలో మంటలంటుకొన్నవి. ఉప్పునీరు విద్యుత్తును సులభంగా ప్రవహింపనిస్తుంది. అది ఆరిన తరువాత కూడా ఉప్పు మిగిలి లోపలి భాగాలను తినివేస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చినపుడు కారును ఎత్తైన చోటికి ముందుగానే చేర్చడమే ఉపాయం. మునిగిన కారును ఇంటికి దూరంగా నిలిపి, పనివారు పరీక్షించేవరకు విద్యుత్తు నింపకూడదు.

కనుక ఎన్నికకు ముందు ఒక నెల దినాలు చిన్న పుస్తకంలో నాలుగు అంశాలు వ్రాసుకొనడం మంచిది: దినమూ పోయే దూరం, వేగం, దారి స్వభావం, బండిలో ఎక్కే మనుషుల సంఖ్య. ఉపాధ్యాయులు ఈ పనిని విద్యార్థులకు అప్పగించి, పై లెక్కను వారిచేతనే కట్టించవచ్చు. రహదారి ప్రయాణమే ఎక్కువైన ఇంటికి సెడాన్, గట్లమీద మెల్లగా తిరిగే ఇంటికి ఎస్.యు.వి. తగునని ఆ పుస్తకమే చెబుతుంది. వరద దినానికి తగిన కారేదని వెదికితే మాత్రం అందులో సమాధానం దొరకదు. ఆ దినాన ఏ కారునూ నీటిలో దింపరాదు.