దేవనహళ్ళి రవాణా పథకాలు: కాలుష్య తగ్గింపు వ్యయ మదింపు

2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం మొదలయ్యాక బెంగళూరు–దేవనహళ్ళి దారిలో టాక్సీల రద్దీ పెరిగింది. ప్రత్యామ్నాయాలుగా బీఎంటీసీ వాయు వజ్ర బస్సులు, 2021 జనవరిలో తెరిచిన రైల్వే హాల్ట్, మెట్రో నీలి మార్గం వరుసలో ఉన్నాయి. సిల్క్‌బోర్డు నుంచి విమానాశ్రయం దాకా 58.19 కిలోమీటర్ల ఈ మెట్రోకు కేంద్రం 2021 ఏప్రిల్‌లో ఆమోదించిన వ్యయం రూ. 14,788 కోట్లు. వీటిని పోల్చడానికి, పెట్టుబడిని పథకం ఆయుష్షు మీద పరచి, నిర్వహణ ఖర్చు కలిపి, ఏటా తగ్గే సూక్ష్మధూళి, నైట్రోజన్ ఆక్సైడ్ల కిలోలతో భాగిస్తారు. చిక్కంతా హారంలోనే. లెక్కకు వచ్చేది టాక్సీ మానినవారు. బస్సు దిగి మెట్రో ఎక్కినవారివల్ల, బస్సు ఎలాగూ తిరుగుతుంది గనక, గాలికి ఒరిగేది తక్కువ. మెట్రో కరెంటు కోసం ఎక్కడో మండే బొగ్గు కాలుష్యాన్నీ ఆ తగ్గింపులోంచి తీసివేయాలి. హాల్ట్ చవకే, కానీ రైళ్ళు కొద్దిగా ఉంటే ఆ చవక కాగితం మీదే. మెట్రో ఖర్చంతా కాలుష్యం ఖాతాలో రాయడమూ అన్యాయమే. ఆదా అయ్యే ప్రయాణ సమయానికీ అందులో వాటా ఉంది.