ఆన్‌లైన్ షాపు ప్లాట్‌ఫాం మారుస్తున్నారా? ముందుగా చూసుకోవాల్సిన విషయాలు ఇవే

లాడ్ బజార్ గాజులు, అత్తర్లు, పెళ్లి దుస్తులు, ఖర్జూరాలు... ఇప్పుడు ఏ సరుకైనా సొంత వెబ్‌సైట్‌లో పెట్టి అమ్మే చిన్న వ్యాపారులు చాలామంది ఉన్నారు. వీరిలో కొందరు వర్డ్‌ప్రెస్‌పై నడిచే వూకామర్స్‌తో మొదలుపెట్టి, కొన్నాళ్లకు షాపిఫై లాంటి నెలవారీ అద్దె ప్లాట్‌ఫాంకు మారుతుంటారు. హోస్టింగ్, ప్లగిన్ల అప్‌డేట్లు, సెక్యూరిటీ అన్నీ సొంతంగా చూసుకోలేకపోవడం దీనికి ప్రధాన కారణం. ఒక్కోసారి మారక తప్పని పరిస్థితి కూడా వస్తుంది. మజెంటో మొదటి వెర్షన్‌కు 2020 జూన్ 30తో సపోర్టు ఆగిపోయినప్పుడు దానిపై ఉన్న షాపులన్నీ ఇలాగే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

మారడం పెద్ద కష్టమేమీ కాదు. కానీ హడావుడిగా చేస్తే గూగుల్‌లో వచ్చే కస్టమర్లు, పాత బిల్లుల లెక్కలు, ఒక్కోసారి షాపు ఈమెయిల్ కూడా పోతాయి. వూకామర్స్ నుంచి షాపిఫైకి మారేవారు వరుసగా చూసుకోవాల్సినవి ఇవీ.

ముందు లెక్క వేసుకోవాలి

వూకామర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ ఖర్చు వేరు. షాపిఫైకి నెలనెలా ఫీజు ఉంటుంది. దానికి తోడు షాపిఫై సొంత పేమెంట్ సర్వీసు భారత్‌లో లేదు కాబట్టి రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి గేట్‌వేలు వాడాలి. అలా వాడితే గేట్‌వే తీసుకునే చార్జీ కాకుండా షాపిఫై కూడా ప్లాన్‌ను బట్టి లావాదేవీ ఫీజు వసూలు చేస్తుంది. బేసిక్ ప్లాన్‌లో ఇది 2 శాతం. అంటే నెలకు 2 లక్షల రూపాయల అమ్మకాలుంటే 4 వేలు అక్కడికే పోతుంది. లాభం మార్జిన్ తక్కువగా ఉండే సరుకు అమ్మేవారు ఈ లెక్క తేలాకే ముందడుగు వేయాలి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

చాలా షాపుల్లో డొమైన్‌ను వెబ్‌సైట్ చేసిచ్చిన డెవలపరే తన ఖాతాలో కొని ఉంటాడు. పని మొదలుపెట్టే ముందే డొమైన్ రిజిస్ట్రార్ లాగిన్, హోస్టింగ్ లాగిన్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ లాగిన్ మూడూ యజమాని చేతిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే ముందు వాటిని తీసుకోవాలి. డెవలపర్‌తో మాట తేడా వచ్చాక అడిగితే పని ఆలస్యమవుతుంది.

ఏవి వస్తాయి, ఏవి రావు

ప్రొడక్టుల వివరాలు వూకామర్స్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా వస్తాయి. షాపిఫై సీఎస్‌వీలో కాలమ్‌ల పేర్లు, వరుస వేరుగా ఉంటాయి కాబట్టి సరిపోల్చి మార్చాలి. సైజు, రంగు లాంటి ఆప్షన్లు ఒక ప్రొడక్టుకు మూడింటికి మించి ఉండకూడదు. ఫొటోలను షాపిఫై పాత సైటు లింకుల నుంచే లాక్కుంటుంది. అందువల్ల ఫొటోలన్నీ కొత్త షాపులో కనిపించేదాకా పాత సైటును ఆపొద్దు.

కస్టమర్ల పేర్లు, ఫోన్లు, అడ్రసులు తీసుకెళ్లవచ్చు. పాస్‌వర్డ్‌లు మాత్రం రావు. అవి పాత సైటులోనూ అసలు రూపంలో ఉండవు. కస్టమర్లు కొత్తగా లాగిన్ కావాల్సి ఉంటుందని ముందుగానే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో చెబితే గందరగోళం ఉండదు.

పాత ఆర్డర్లను షాపిఫై అడ్మిన్‌లో నేరుగా సీఎస్‌వీతో ఎక్కించే వీలు లేదు, దానికి యాప్ కావాలి. ఎక్కించే ముందు నోటిఫికేషన్లు ఆపేయాలి. లేదంటే ఏడాది కిందటి ఆర్డర్‌కు కూడా కస్టమర్‌కు మెసేజ్ వెళ్లే ప్రమాదం ఉంది. రివ్యూలకు కూడా వేరే యాపే దిక్కు.

తెలుగు, ఉర్దూ అక్షరాలతో జాగ్రత్త

ప్రొడక్టు పేర్లు, వివరణలు తెలుగులోనో ఉర్దూలోనో ఉంటే సీఎస్‌వీని యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి. ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గుర్తులుగానో మారిపోవచ్చు. 13 అంకెల బార్‌కోడ్ కూడా 8.9ఈ+12 లాగా మారి చివరి అంకెలు పోతాయి. సున్నాతో మొదలయ్యే కోడ్‌లలో ఆ సున్నా పోతుంది. గూగుల్ షీట్స్‌లో తెరిచి, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టుకోవడం మేలు. మొదట పది ప్రొడక్టులతో ట్రయల్ వేసి, సరిగ్గా వచ్చాకే మొత్తం ఎక్కించాలి.

పాత లింకులు పనిచేయాలి

అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. వూకామర్స్‌లో మామూలుగా లింకు 'స్లాష్ ప్రొడక్ట్' అని ఉంటుంది, షాపిఫైలో 'స్లాష్ ప్రొడక్ట్స్' అని ఉంటుంది. ఒక్క అక్షరం తేడా అయినా గూగుల్ దృష్టిలో అది వేరే పేజీ. కేటగిరీల లింకులు పూర్తిగా మారిపోతాయి, షాపిఫైలో వాటిని కలెక్షన్స్ అంటారు. పాత లింకు నొక్కినవాళ్లకు పేజీ లేదని వస్తే వెళ్లిపోతారు, కొన్నాళ్లకు గూగుల్ కూడా ఆ పేజీని తీసేస్తుంది.

దీనికి మందు 301 రీడైరెక్ట్. పాత లింకు ఒక కాలమ్‌లో, కొత్త లింకు మరో కాలమ్‌లో రాసి షాపిఫైలో ఒకేసారి ఎక్కించవచ్చు. అన్నింటినీ హోమ్ పేజీకి పంపొద్దు. ఏ ప్రొడక్టు లింకు ఆ ప్రొడక్టుకే వెళ్లాలి. కనీసం ఏడాదిపాటు వీటిని ఉంచాలని గూగుల్ సూచిస్తోంది. షాపు మారిన రోజే సెర్చ్ కన్సోల్‌లో కొత్త సైట్‌మ్యాప్ ఇవ్వాలి.

జీఎస్టీ బిల్లుల వరుస

సీజీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి, 16 క్యారెక్టర్లకు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. షాపిఫైలో ఆర్డర్ నంబర్లు 1001 నుంచి మొదలవుతాయి. అదే నంబరు పాత షాపులో ఈ ఏడాదే వాడి ఉంటే చిక్కే. కొత్త బిల్లులకు వేరే ప్రిఫిక్స్‌తో కొత్త సిరీస్ పెట్టుకుంటే సరిపోతుంది. ఏప్రిల్ 1 దగ్గర్లో మారితే ఇంకా సులువు.

జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలను ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. పాత హోస్టింగ్ ఆపేస్తే అందులోని బిల్లులూ పోతాయి. కాబట్టి డేటాబేస్ బ్యాకప్, ఇన్‌వాయిస్‌ల పీడీఎఫ్‌లు రెండు చోట్ల భద్రం చేసుకోవాలి. కస్టమర్ల ఫోన్ నంబర్లున్న ఫైళ్లు ఏజెన్సీల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో మిగలకుండా పని అయ్యాక తీసేయించాలి.

మార్చే రోజు

రంజాన్, దీపావళి, పెళ్లిళ్ల సీజన్‌లో ఈ పని పెట్టుకోవద్దు. ఆర్డర్లు తక్కువగా వచ్చే రోజు చూసుకోవాలి.

• ఒకరోజు ముందే డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించాలి. అప్పుడు మార్పు త్వరగా అందరికీ చేరుతుంది.
• ఏ రికార్డు, సీనేమ్ మాత్రమే మార్చాలి. ఎంఎక్స్ రికార్డులను ముట్టుకుంటే షాపు ఈమెయిల్ ఆగిపోతుంది.
• పాత షాపులో ఆర్డర్లు ఆపి, ఆ క్షణం స్టాకు లెక్క కొత్త షాపులో వేయాలి. లేదంటే ఉన్న ఒక్క పీసు ఇద్దరికి అమ్ముడవుతుంది.
• యూపీఐతో ఒకటి, కార్డుతో ఒకటి, క్యాష్ ఆన్ డెలివరీతో ఒకటి నిజమైన ఆర్డర్లు వేసి చూడాలి. ఒకటి రిఫండ్ కూడా చేయాలి. డెలివరీ చార్జీ, జీఎస్టీ సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలి.
• కొరియర్ దారిలో ఉన్న పాత సీఓడీ ఆర్డర్ల జాబితా విడిగా రాసుకోవాలి. ఆ డబ్బు, రిటర్నులు వచ్చేదాకా పాత అడ్మిన్ తెరిచే ఉండాలి.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ సెర్చ్ కన్సోల్‌లో దొరకని పేజీల లిస్టు చూసి మిగిలిన లింకులు సరిచేయాలి. ర్యాంకులు కొద్దిరోజులు అటూఇటూ ఊగడం మామూలే. పాత హోస్టింగ్‌ను కనీసం రెండు మూడు నెలలు ఉంచి, బ్యాకప్ తెరుచుకుంటోందని స్వయంగా చూసుకున్నాకే రద్దు చేసుకోవాలి.