దమ్ము చేసిన మేలు

కీసర చుట్టుపక్కల నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెల్లో పేరున్న పంటలు పత్తి, మిరప. వరి మాత్రం నీరు అందిన చోటనే: చెరువుల కింద, మునేటి వార, 1967 తరువాత క్రమంగా అందివచ్చిన సాగర్ ఎడమ కాలువ కింద. నీటి కోసం కాచుకునే ఇలాంటి నేలలో కూడా మడిని దమ్ము చేసి, నీరు నిలిపి, నారు నాటడమే రివాజు. కలుపు అణగడానికి, నీరు ఇంకిపోకుండా ఉండడానికి దమ్ము చేస్తారని ఎవరిని అడిగినా చెబుతారు. కంటికి ఆనని ఒక వేరు పురుగును అడ్డుకోవడం దమ్ము చేసిన మూడో మేలు. దాన్ని మన సాగు చరిత్రలో లెక్కవేయలేదు.

గడ్డిజాతి పైర్లలో బుడిపెలు కట్టే నులిపురుగుల సంగతి లోకానికి తెలిసి చాలాకాలమైంది. 1743లోనే నీడమ్ అనే ఆంగ్లేయుడు గోధుమ కంకిలోని నల్లటి బుడిపెను నీళ్లలో తడిపి, అందులోంచి సన్నటి పురుగులు కదలడం చూశాడు. వరి వేళ్లలో బుడిపెలు కట్టే నులిపురుగుకు మాత్రం 1965 దాకా శాస్త్రనామమే లేదు. గోల్డెన్, బర్చ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని లూసియానాలో దాన్ని వర్ణించి, మెలోయిడోగైన్ గ్రామినికోలా అని పేరు పెట్టారు. వాళ్లు దాన్ని పట్టింది వరి వేళ్లలో కాదు, మన మడుల్లోనూ మొలిచే ఊద గడ్డి వేళ్లలో. పిల్లపురుగు వేరు కొసలో దూరితే అక్కడి కణాలు ఉబ్బి, కొస కొక్కెంలా వంకర తిరుగుతుంది. పైకి కనిపించేది పసుపెక్కిన, గిడసబారిన పైరే కనుక అది జింకు లోపమనుకోవడం సులువు. నీరు నిలిచిన మడిలో ఈ పిల్లపురుగులు కొత్త వేళ్లలోకి దూరలేవు. దమ్ముతో ఊద కూడా అణగిపోతుంది కాబట్టి, అవి తలదాచుకునే చోటూ తగ్గుతుంది.

పురుగును ఎరగని రైతు దానికోసం దమ్ము చేయలేదు కదా అనవచ్చు. నిజమే, కానీ ఆచారం చేసే మేలుకు ఉద్దేశంతో పనిలేదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: ఈ పురుగు గుడ్లు పెట్టేది వేరు లోపలే, కాబట్టి ఒకసారి దూరాక పైన ఎంత నీరున్నా లోపలే సంతతి పెంచుకోగలదు. దీన్ని ఒప్పుకోవాల్సిందే. అయితే అందువల్ల దమ్ము మేలు కొట్టుకుపోదు, దాని హద్దు తెలుస్తుంది. మెట్ట నారుమడిలోనే వేళ్లకు పురుగు పడితే, నాటిన తరువాత నిలిపే నీరు ఆలస్యంగా వచ్చిన కాపలా. నీరు, కూలీలు చాలక పొడి దుక్కిలో విత్తనం వెదజల్లే పద్ధతి పెరుగుతున్న కాలమిది. ఆ పద్ధతి నీటిని ఆదా చేస్తుంది, నేను దాన్ని తప్పుపట్టను. కానీ దమ్ము మానినప్పుడు దాని పని మరొకటి చేయాలి: తొలి వారాల్లోనే ఊదను తీసేయాలి, పసుపెక్కిన మొక్కను పీకి వేళ్లు కడిగి చూడాలి, ఆ తరువాతే జింకు సంచి విప్పాలి.