ఇల్లు చేతులు మారితే పూచీ ఎవరిది?

ఒక ఇల్లు అమ్ముడుపోయిన తరువాత దాని గోడ కూలి బాటసారికి ప్రాణహాని కలిగితే జవాబుదారీ ఎవరు? కట్టిన మేస్త్రీయా, అమ్మినవాడా, కొన్నవాడా? బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం 1197) రచించిన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా' ఈ ప్రశ్నను సునిశితంగా పరిశీలించింది.

నిటారుగా కట్టిన గోడ కాలక్రమాన బాట మీదికి ఒరిగిందనుకుందాం. దాన్ని పడగొట్టమని యజమానిని ముస్లిం కాని, జిమ్మీ కాని, ఎవరైనా హెచ్చరించవచ్చు. దారిపై హక్కు అందరిదీ. చాలినంత వ్యవధి ఉండీ అతడు ఊరకుంటే నష్టపరిహారం అతనిపై పడుతుంది. కాని హెచ్చరిక అందాక ఇంటిని అమ్మివేసి, కొన్నవాడు స్వాధీనం చేసుకుంటే అమ్మినవాడు పూచీ నుండి విముక్తుడు. పడగొట్టే అధికారం ఇక అతనికి లేదు. కొన్నవానిపైనా పూచీ లేదు. అతనిని ఎవరూ హెచ్చరించలేదు. మళ్ళీ హెచ్చరిక జరిగేవరకు బాటసారికి దిక్కెవరు?

అయితే గోడను మొదటినుండే వంకరగా కడితే హెచ్చరికతో పని లేదు. అలాగే బాట మీదికి వరండాను పొడిగించి కట్టించినవాడు ఇల్లు అమ్మినా పూచీ తప్పించుకోలేడు. అక్కడ అతని దోషం ఊరకుండటం కాదు, ఆ కట్టడమే. అమ్మకం ఆ దోషాన్ని తుడిచివేయదు.

మరి కట్టిన పనివారి మాట? అటువంటి వరండా పని పూర్తికాకముందే కూలితే పూచీ వారిదే. పని ఇంకా యజమానికి అప్పగింపబడలేదు. పూర్తయ్యాక కూలితే, ఇస్తిహ్సాన్ ప్రకారం, పూచీ యజమానిది. ఇక ఇంట్లో దాగిన లోపం బయటపడితే కొన్నవానికి 'ఖియారె ఐబ్' హక్కు ఉంది. కాని అది అమ్మినవానిపైనే చెల్లుతుంది, మేస్త్రీపై కాదు.

ఈ కొరతను తరువాతి శాసనాలు తీర్చాయి. ఫ్రెంచి పౌరస్మృతి (1804) కట్టడం కూలితే గుత్తేదారును పదేళ్ళపాటు బాధ్యుణ్ణి చేసింది. ఈజిప్టు పౌరస్మృతి (1948) కూడా 651వ అధికరణంలో పదేళ్ళ పూచీని గుత్తేదారుపైనా, వాస్తుశిల్పిపైనా ఉమ్మడిగా మోపింది. లోపం నేలదే అయినా మినహాయింపు లేదు. ఫ్రాన్సులో 1978 నాటి చట్టం ఈ రక్షణ కొనుగోలుదారుకూ వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది.

పదేళ్ళ గడువు 'హిదాయా'లో లేదు. కాని చేసిన తప్పు అమ్మకంతో మాసిపోదన్న న్యాయం అందులో ఉంది. దానిని గుత్తేదారుకు కూడా వర్తింపజేసే మార్గం వెదకడం నేటి ఫుఖహాల ముందున్న పని.