గార్ల మండలంలో ప్రభుత్వ గృహ నిర్మాణ సహాయం

గార్ల, తెలంగాణ రాష్ట్రం, మహబూబాబాద్ జిల్లాకు చెందిన ఒక మండలం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఈ మండలంలోని పేద కుటుంబాలు ప్రభుత్వ సహాయంతో ఇల్లు కట్టుకొనుటకు కావలసిన అర్హతలు, ఆ అర్హతలు ఇక్కడి జీవన పరిస్థితులకు ఎంతవరకు సరిపోతాయనే విషయం ఈ వ్యాసంలో వివరించబడింది.

జీవన పరిస్థితులు

కాజీపేట - విజయవాడ రైలు మార్గంలో మహబూబాబాద్, డోర్నకల్ స్టేషన్ల మధ్య గార్ల స్టేషను ఉంది. వరి, పత్తి, మిరప ఈ ప్రాంతపు ముఖ్యమైన పంటలు. మండల జనాభాలో లంబాడీలు గణనీయంగా ఉన్నారు. తెలంగాణ ప్రాంతంలో వీరిని 1976 నాటి చట్టం ద్వారా షెడ్యూల్డ్ తెగలలో చేర్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబాబాద్ జిల్లా జనాభా సుమారు 7.74 లక్షలు. అందులో షెడ్యూల్డ్ తెగలవారు సుమారు 38 శాతం.

పాకాల ఏరు పొంగినప్పుడు గార్ల నుండి రాంపురం, మద్దివంచ వైపు రాకపోకలు నిలిచిపోతాయి. వానాకాలంలో ఇసుక, సిమెంటు చేరవేయుట కష్టం కనుక ఇంటి పని వేసవిలో ముగియకపోతే కొన్ని నెలలు ఆగిపోతుంది. మట్టి గోడల ఇంటికి ఈ కాలమే గండం.

రుణం నుండి ఉచితం వరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. హడ్కో వంటి సంస్థల నుండి తెచ్చిన అప్పుతో అది బలహీన వర్గాలకు ఇళ్ళు మంజూరు చేసేది. ఇంటి వ్యయంలో కొంత సబ్సిడీ, కొంత లబ్ధిదారు తిరిగి చెల్లించవలసిన రుణం. 2006లో ప్రారంభమైన ఇందిరమ్మ కార్యక్రమంలోనూ ఈ పద్ధతే కొనసాగింది.

2015లో తెలంగాణ ప్రభుత్వం రెండు పడక గదుల ఇళ్ళ పథకాన్ని తెచ్చింది. ఇందులో రుణం గానీ, లబ్ధిదారు వాటా గానీ లేదు. 560 చదరపు అడుగుల ఇంటికి గ్రామాలలో 5.04 లక్షల రూపాయల వ్యయం నిర్ణయించారు. కేంద్రం 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకాన్ని ఆరంభించినా, తెలంగాణ చాలాకాలం తన సొంత పథకాన్నే నడిపింది. 2023లో సొంత స్థలం ఉన్నవారికి 3 లక్షలు ఇచ్చే గృహలక్ష్మి పథకం ప్రకటించబడి, ప్రభుత్వం మారిన తరువాత రద్దయింది.

బ్యాంకు రుణం ఎందుకు అందదు

బ్యాంకు గృహ రుణానికి రిజిస్టరు పత్రం, క్రమమైన ఆదాయానికి రుజువు అవసరం. గ్రామకంఠం భూమిలో తాతల నాటి నుండి ఉంటున్న కుటుంబం దగ్గర తరచుగా పంచాయతీకి కట్టిన ఇంటి పన్ను రసీదు తప్ప మరేమీ ఉండదు. కూలికి, కౌలుకు జీతపు చీటీ లేదు. పొరుగున ఉన్న బయ్యారం వంటి షెడ్యూల్డ్ ప్రాంతాలలోనైతే భూ బదలాయింపుపై ఉన్న 1/70 చట్టపు ఆంక్షలు కూడా తోడవుతాయి. పట్టణ ఆవాస్ యోజనలో పేద, అల్పాదాయ వర్గాలకు 2022 మార్చి వరకు అమలైన వడ్డీ రాయితీ, గ్రామ పంచాయతీ అయిన గార్లకు వర్తించలేదు.

1972 నుండి ఉన్న భేదాత్మక వడ్డీ రేటు పథకం క్రింద 4 శాతం వడ్డీకి షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 20,000 రూపాయల వరకు గృహ రుణం ఇవ్వవచ్చు. కానీ గ్రామాలలో కుటుంబ వార్షికాదాయం 18,000 మించరాదు. 2025-26లో తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. వంద రోజులు మట్టి పని చేసిన కుటుంబానికి 30,700 వస్తుంది. అంటే ఆ కుటుంబం ఈ పథకం దృష్టిలో పేదది కాదు!

ఇందిరమ్మ ఇళ్ళు: అర్హత

ప్రస్తుత ఇందిరమ్మ ఇళ్ళ పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించబడింది. కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. తిరిగి చెల్లించనవసరం లేదు. దరఖాస్తుదారు దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, స్థానికులై ఉండాలి, పక్కా ఇల్లు ఉండరాదు. గుడిసెలో, మట్టి ఇంట్లో, అద్దె ఇంట్లో ఉంటున్నవారు అర్హులే. ఇల్లు మహిళ పేరున మంజూరవుతుంది. వితంతువులు, ఒంటరి మహిళలు కూడా దరఖాస్తు చేయవచ్చు.

దరఖాస్తులను మూడు జాబితాలుగా విభజించారు. సొంత స్థలం ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివారు ఎల్-2, మిగిలినవారు ఎల్-3. తొలి ప్రాధాన్యం ఎల్-1కు దక్కింది. స్థలం కూడా లేని కుటుంబమే ఎక్కువ పేదదనడంలో సందేహం లేదు, అయినా అది రెండవ వరుసలో నిలిచింది.

సొమ్ము నాలుగు విడతలుగా వస్తుంది. మొదటి లక్ష పునాది పూర్తై, ఫొటో యాప్‌లో నమోదైన తరువాతే అందుతుంది. కాబట్టి పునాది ఖర్చు కుటుంబమే ముందుగా సమకూర్చుకోవాలి. మహిళా సంఘాలలోని లబ్ధిదారులకు సంఘం ద్వారా లక్ష వరకు రుణం ఇప్పించే ఏర్పాటు 2025లో జరిగింది. సంఘంలో లేనివారికి, పాత బాకీ ఉన్నవారికి మిగిలేది వడ్డీ వ్యాపారే. రుణం ప్రభుత్వ పథకం నుండి తొలగింది గానీ, పేదవాని ఇంటి నుండి తొలగలేదు.