టన్నున్నర మంచు

ఏ.సి. కొనడానికి షాపుకి వెళితే ధర కంటే ముందు వినిపించే ప్రశ్న, "టన్నా అండీ, టన్నున్నరా?" అని. మనం గది యెంతో చెబుతాం, పైన డాబాయేనా, యింకో అంతస్తు వుందా చెబుతాం, టన్నున్నర అని తేల్చుకుని వచ్చేస్తాం. తీరా చూస్తే ఆ పెట్టెల్ని యిద్దరు మనుషులు మెట్లమీదుగా మోసుకొచ్చి పెట్టేస్తారు! మరి టన్ను ఏమిటి? ధాన్యాన్నీ, బొగ్గునీ తూచే మాట చల్లగాలికి యెలా అంటుకుంది?

ఆ బరువు యంత్రానిది కాదండీ, మంచుది. దాని వెనక దాదాపు రెండొందల యేళ్ళ కథ వుంది. ఆ కథ తెలిస్తే నెలనెలా వచ్చే కరెంటు బిల్లు కూడా కాస్త అర్థమవుతుంది.

అమెరికాలో బోస్టన్ నగరంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి వుండేవాడు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్లోంచి మంచుని దిమ్మలుగా కోయించి, వోడలకెక్కించి వేడి దేశాల్లో అమ్మడం ఆయన వ్యాపారం. 1833లో "టస్కనీ" అనే వోడ సుమారు 180 టన్నుల మంచుతో కలకత్తాకి బయలుదేరింది. నాలుగు నెలల ప్రయాణం. భూమధ్యరేఖని రెండుసార్లు దాటాలి. అయినా కలకత్తా చేరేసరికి వంద టన్నుల దాకా మిగిలింది! 1842లో మద్రాసు సముద్రపొడ్డున ఆ మంచు దాచడానికే ఒక మేడ కట్టారు. అదే ఐస్ హౌస్. తరవాత చేతులు మారిన ఆ మేడలోనే 1897లో స్వామి వివేకానంద బస చేశారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా మద్రాసు రాజధానిలోవే. కానీ ఆ మంచు చేరింది దొరల గ్లాసుల్లోకి. మనవాళ్ళ కుండనీళ్ళు కుండనీళ్ళే.

యింతకీ నడిసముద్రంలో ఆ మంచుని కాపాడిందెవరు? యంత్రమా? కాదు. ట్యూడర్ వ్యాపారానికి ప్రాణం రంపపు పొట్టు! వడ్రంగి వూడ్చి పారేసే పొట్టు. బయటి వేడిని లోపలికి రానివ్వకపోవడమే ఆయన కనిపెట్టిన కిటుకు. యీ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

తరవాత యంత్రాలొచ్చాయి. గుర్రాల్ని చూసినవాళ్ళకి యింజను బలాన్ని గుర్రాల్లో చెప్పినట్టు, మంచు కొనే అలవాటున్నవాళ్ళకి చల్లబరిచే యంత్రం బలాన్ని మంచులో చెప్పారు. 1902లో న్యూయార్కులో, బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసుకి పెద్ద చిక్కొచ్చింది. వేసవి తేమకి కాయితం వుబ్బడం, రంగుమీద రంగు సరిగ్గా పడకపోవడం. విల్లిస్ కేరియర్ అనే యిరవై అయిదేళ్ళ యింజనీరు ఆ భవనానికి యెంత చల్లదనం కావాలో లెక్కగట్టాడు. రోజుకి లక్షా ఎనిమిది వేల పౌన్ల మంచు కరిగితే వచ్చేంత. అంటే 54 టన్నులు. చూశారా, మొదటి ఏ.సి. పెట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాయితం సుఖం కోసం!

యిప్పుడు మనింటి లెక్కకి వద్దాం. పాలలెక్క వచ్చినవాళ్ళకి యిది రాకపోదు. అమెరికా టన్నంటే 2000 పౌన్లు, సుమారు 907 కిలోలు. అంత మంచు 24 గంటల్లో కరిగితే యెంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలోంచి బయటికి తోడెయ్యగలిగితే అది ఒక టన్ను యంత్రం. కరెంటు భాషలో సుమారు మూడున్నర కిలోవాట్లు. టన్నున్నరంటే 5.25. రాత్రి యెనిమిది గంటలు అది పూర్తి బలంతో నడిస్తే 450 కిలోల మంచు కరిగించినట్టు! పడకగదిలో అంత మంచు వూహించుకోండి.

అయితే 5.25 తోడే వేడి, కాలే కరెంటు కాదు. నక్షత్రాల చీటీమీద ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అని ఒక అంకె వుంటుంది. దాంతో భాగిస్తే గంటకి యెన్ని యూనిట్లో తేలుతుంది. ఆ అంకె 3.5 అయితే గంటకి యూనిట్టున్నర. 5 అయితే యూనిట్టు పైన కొసరు. రోజుకి యెనిమిది గంటల చొప్పున నెలకి మొదటిది 360 యూనిట్లు, రెండోది 252. గది చల్లబడ్డాక యంత్రం నెమ్మదిస్తుంది కనక అసలు ఖర్చు యింతకంటే తగ్గొచ్చు. కానీ 108 యూనిట్ల తేడా చూడండి. పై శ్లాబులోకి తోసెయ్యడానికి అది చాలు. యిరవై ఫ్లాట్ల భవనంలో యింటికొకటి చొప్పున వేసుకుంటే నెలకి 2160 యూనిట్లు. షాపులో మిగుల్చుకున్నామనుకున్న డబ్బు మీటరు మెల్లగా వసూలు చేస్తుంది.

తగ్గించడానికి మొదటి వుపాయం మన చేతిలోని రిమోటే. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు కలిసొస్తుందని కేంద్రప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి అంచనా. అందుకే 2020 జనవరి నుంచి నక్షత్రాల ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేటట్టు నిబంధన పెట్టారు. 18లో పెట్టుకుని రగ్గు ముసుగెయ్యడం మన యిష్టమే అనుకోండి!

రెండో వుపాయం ఆ రంపపు పొట్టు సంగతి. వేడి లోపలికి వస్తూనే వుంటే యంత్రం చేసేది చిల్లుపడవలో నీళ్ళు తోడటమే. అక్బరు కాలంలోనే వట్టివేళ్ళ తడికెలతో గదులు చల్లబరిచేవారని అయినీ అక్బరీలో వుంది. మన పెద్దవాళ్ళ వసారాలూ, మండువాలూ, డాబామీద సున్నమూ యీ జ్ఞానమే. హైదరాబాదులో 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలి గోపురాలూ, జాలీ గోడలూ, నడుమ తోటలూ పెట్టి మరీ కట్టారు. 2023లో తెలంగాణా ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండని వెనక్కి కొట్టే కప్పులన్నమాట. అమ్మమ్మల సున్నపు డాబా కొత్త పేరుతో ప్రభుత్వ కాయితాల్లోకి ఎక్కింది!

చివరగా ఒక్కమాట. వేడి యెక్కడికీ మాయమైపోదు. మన గదిలోంచి తోడిన వేడీ, తోడటానికి కాలిన కరెంటు వేడీ కలిసి బయటి పెట్టెలోంచి సందులోకి పోతాయి. ఒకప్పుడు దొరగారి చల్లదనం కోసం పంకా తాడు లాగినవాడు వసారాలో చెమటలు కక్కేవాడు. యిప్పుడు ఆ సందులో యిస్త్రీ బండి పెట్టుకున్నవాడున్నాడు, ఏ.సి. లేని పక్కింటి పిల్లలు తెరిచిపెట్టుకున్న కిటికీ వుంది. పడమటి కిటికీకి ఒక దళసరి తెర, తలుపు కిందికి ఒక గుడ్డచుట్ట, డాబామీద రెండు పూతల తెల్లసున్నం – వీటితో తగ్గేది మన బిల్లొక్కటే కాదు.