సన్నబిట్టు పట్టని చక్కు

ఇంజనీరింగు ఆఖరేడు ప్రాజెక్టుకి సర్క్యూట్ బోర్డు మేమే చేసుకున్నాం. చేతి డ్రిల్లులో 0.8 మి.మీ. బిట్టు పెడితే చక్కు ఎంత బిగించినా జారిపోయేది. లేదంటే రెండు దవడల మధ్య ఇరుక్కుని, వంకరగా తిరిగి పుటుక్కున విరిగేది. తప్పు మా చేతులదే అనుకున్నాం.

కాదట! మెలికల బిట్టుకి అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లోనే పేటెంటు తీసుకున్నాడు. తాళంచెవితో బిగించే మూడు దవడల చక్కుకి ఆర్థర్ జేకబ్స్ పేటెంటు 1902లో. పాత చక్కు బిగిస్తూ వేళ్ల కణుపులు చెక్కుకుపోయాకే ఆయనకీ ఆలోచన వచ్చిందంటారు (చదవగానే మనవాడే అనిపించింది). అయితే చాలా చక్కుల్లో ఆ దవడలు నడిమధ్యన పూర్తిగా కలవవు. పెద్ద వాటిలో ఒకటిన్నర మి.మీ. దాకా ఖాళీ ఉంటుంది. మా బిట్టు అందులో సగమే!

సన్నవాటికి కొలెట్ కావాలి. అంటే చీలికలున్న చిన్న గొట్టం, నట్టు బిగిస్తే చుట్టూ సమానంగా నొక్కుతుంది. 1932లో మొదలైన డ్రెమెల్ కంపెనీ చిన్న డ్రిల్లులకి సైజుకో కొలెట్ దొరుకుతుంది, 0.8 దాకా. బోర్డు ఫ్యాక్టరీలది ఇంకో తెలివి, బిట్టు మొన ఎంత సన్నమైనా కాడ మాత్రం 3.175 మి.మీ. లావు.

మాకు ఇవేవీ తెలీవు. చివరికి ల్యాబు అటెండరు గారే బిట్టు కాడకి రాగితీగ దగ్గర దగ్గరగా చుట్టి బిగించారు. పది కంతలు బాగానే పడ్డాయి, పదకొండోది కాస్త వంకర.